మీటర్ కొనాలా, ల్యాబ్‌ని పిలవాలా, ముందు ఎగ్జాస్టే పెట్టించాలా?

గాజువాక ఆటోనగర్‌లో పెయింట్ బూత్ నడిపేవాళ్ళు, పరవాడ ఫార్మా యూనిట్లలో సేఫ్టీ చూసే కుర్రోళ్ళు, ఓడల రిపేరు పనులు పట్టే వెల్డింగ్ కాంట్రాక్టర్లు, వీళ్ళందరూ అడిగేది దాదాపు ఒకటే. షెడ్‌లో గాలి బాలేదని తెలుస్తోంది, చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోద్ది, దేనికి పెట్టాలి అని. ఎవరో గ్యాస్ మీటర్ కొనమంటారు, ఇంకొకరు ల్యాబ్ వాళ్ళతో టెస్ట్ చేయించమంటారు, మాస్కులు అమ్మేవాడు మాస్క్ చాలంటాడు. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు, అందుకే ప్రశ్న ఏంటో తేల్చుకోకుండా ఏది కొన్నా డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

మన విశాఖలో ఈ విషయం అనగానే అందరికీ 2020 మే 7 గుర్తొస్తుంది, ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ (ప్లాస్టిక్, రెజిన్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, అది మర్చిపోయేది కాదు. కానీ నేనిక్కడ రాసేది అలాంటి ప్రమాదం గురించి కాదు. రోజూ కొంచెం కొంచెంగా, సైరన్ మోగకుండా, పనిచేసే మనిషి ముక్కులోకి వెళ్ళేదాని గురించి. దీన్ని పట్టుకునే సాధనాలు వేరే, ఆపే పద్ధతులు కూడా వేరే.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, గాలిలో ఉన్నది ఏంటి. దుమ్ము, వెల్డింగ్ పొగ లాంటి రేణువులా, థిన్నర్ లాంటి ఆవిరా, సీఓ (కార్బన్ మోనాక్సైడ్), అమ్మోనియా లాంటి గ్యాసా. రేణువుల్ని ఫిల్టర్ పట్టుకుంటుంది, ఆవిరి ఆ ఫిల్టర్‌లోంచి నేరుగా దాటిపోద్ది. కొలతకీ మాస్కుకీ రెండిటికీ ఇదే లెక్క. డబ్బా మీద పేరు, సప్లయర్ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ చూడకుండా ఏమీ కొనొద్దు.

రెండోది, అది ఎంత త్వరగా దెబ్బతీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, సీఓ నిమిషాల్లో మనిషిని పడేస్తాయి. సిలికా (ఇసుక, రాళ్ళలో ఉండే ఖనిజం) దుమ్ము ఏళ్ళు పట్టి ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది, ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ మామూలు కావు. నిమిషాల్లో పడేసేదానికి మూడు వారాల తర్వాత వచ్చే ల్యాబ్ రిపోర్ట్ ఏం పనికొస్తుంది చెప్పండి? అలాగే ఏళ్ళ తరబడి పనిచేసే సిలికాకి, క్షణానికో నంబర్ చూపించే మీటర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు.

మూడోది, ఎవరి ముక్కు. షెడ్ మధ్యలో స్టాండ్ మీద పెట్టిన మిషన్ స్టాండ్ పీల్చే గాలిని కొలుస్తుంది. మనిషి పీల్చేది తెలియాలంటే శాంపిల్ తీసే మూతి అతని కాలర్ దగ్గర, ముక్కుకి ఒక అడుగు లోపే ఉండాలి, వెల్డర్ అయితే హెల్మెట్ లోపలే ఉండాలి. ఎక్కువ దుమ్ము తినేది చాలాసార్లు మిషన్ ఆపరేటర్ కాదండి, సాయంత్రం డస్ట్ కలెక్టర్ సంచీ దులిపేవాడు, బస్తాలు కోసి హాపర్‌లో పోసేవాడు, గేట్ పాస్ మీద వచ్చే కాంట్రాక్ట్ మనిషి. వాళ్ళకి పంపు (ఒంటికి తగిలించి గాలి శాంపిల్ లాగే చిన్న మిషన్) పెట్టని రిపోర్ట్‌ని నేను సగం రిపోర్ట్ అనే అంటాను.

నాలుగోది, ఆ నంబర్‌తో ఏం చేయబోతున్నారు. రికార్డ్‌లో పెట్టడానికా, లీక్ ఎక్కడో వెతకడానికా, కొత్త ఎగ్జాస్ట్ పనిచేస్తోందో లేదో చూడటానికా.

కొలిచే పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | దేనికి బాగుంటుంది | ఎక్కడ మోసపోతాం |
|---|---|---|
| కంటి చూపు, డేటా షీట్, టార్చ్ లైట్ | చిన్న షెడ్‌లో మొదటి అడుగు | నంబర్ రాదు, ఆవిరి కనిపించదు |
| డిటెక్టర్ ట్యూబ్ (గ్యాస్ తగిలితే రంగు మారే గాజు గొట్టం) | ఫలానా గ్యాస్ ఉందా లేదా అని అప్పటికప్పుడు | తేడా 25 శాతం దాకా, ఆ ఒక్క నిమిషం సంగతే |
| నాలుగు గ్యాసుల మీటర్ | ట్యాంకులు, గొయ్యిలు, గ్యాస్ లైన్ల దగ్గర ప్రాణరక్షణ | థిన్నర్, స్టైరీన్ లాంటి ఆవిరికి పనికిరాదు |
| పీఐడీ మీటర్ (అతినీలలోహిత కాంతితో ఆవిరిని పసిగట్టేది) | థిన్నర్ లాంటి ద్రావకాల ఆవిరి ఎక్కడ, ఎప్పుడు పెరుగుతోంది | ఏ ఆవిరో చెప్పదు, తేమకి తడబడుతుంది |
| లైట్‌తో కొలిచే డస్ట్ మీటర్ | ఏ పనిలో దుమ్ము లేస్తోంది | సిలికా ఎంతో చెప్పదు, తేమకి ఎక్కువ చూపిస్తుంది |
| బ్యాడ్జ్ (కాలర్‌కి తగిలించే, ఆవిరిని పీల్చుకునే బిళ్ళ) | షిఫ్ట్ మొత్తం ద్రావకాల సగటు, పంపు బరువు లేకుండా | దుమ్ముకి పనికిరాదు, గాలి కదలని చోట తక్కువ చూపించొచ్చు |
| పంపు పెట్టి ల్యాబ్‌కి పంపడం | చట్టం అనుమతించే లిమిట్‌తో పోల్చడానికి, రికార్డ్‌కి | టైమ్, ఖర్చు, ఆ ఒక్క రోజు కథే |

చిన్న షెడ్ వాళ్ళు ఈ పట్టికలో మొదటి వరసని తేలిగ్గా తీసుకోకండి. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే దుమ్ము మామూలు వెలుతురులో కంటికి ఆనదు. చీకటి పడ్డాక పనిచేస్తున్న చోటికి అవతలి పక్క గట్టి టార్చ్ పెట్టించి, దాని కాంతి మీ వైపు వచ్చేలా, కానీ నేరుగా కంట్లో పడకుండా కాస్త పక్కకి నిలబడి చూడండి, దుమ్ము ఎటు లేచి ఎవరి ముఖం మీదుగా పోతోందో తెలిసిపోద్ది. ఇది చూశాక ల్యాబ్‌తో పనిలేకుండానే గ్రైండర్ జాగా మార్చుకున్న ఓనర్లు ఉన్నారు. ఎగ్జాస్ట్ లాగుతోందా లేదా చూడటానికి అగరుబత్తి పొగ చాలు. కానీ థిన్నర్, రెజిన్ ఉన్న చోట మాత్రం నిప్పు వద్దే వద్దు, అక్కడ నిప్పు లేకుండా పొగ ఇచ్చే స్మోక్ ట్యూబులు దొరుకుతాయి.

నాలుగు గ్యాసుల మీటర్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. అందులో ఆక్సిజన్, మండే గ్యాస్, సీఓ, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. మండే గ్యాస్ సెన్సర్ పేలుడు కోసం పెట్టింది, విషం కోసం కాదు. థిన్నర్‌లో ఉండే టొలుయీన్ ఆవిరి గాలిలో 1.1 శాతం చేరితే మండుతుంది, అంటే 11,000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 11,000 వంతులు). మీటర్ దానిలో పదోవంతు దగ్గర అలారం కొడుతుందనుకుంటే అప్పటికే 1,100 పీపీఎం, మనిషికి 8 గంటల లిమిట్ ఏమో 100. అంటే మీటర్ మోగకుండా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే పెయింటర్ లిమిట్‌కి పది రెట్లు పీల్చేస్తుండొచ్చు. పెయింట్ షాప్‌కి ఆ మీటర్ కొని నిశ్చింతగా ఉంటే అది ఉత్త భ్రమ.

అదే మీటర్ స్టీల్ ప్లాంట్ లాంటి చోట గ్యాస్ లైన్ల దగ్గర పనిచేసేవాడికి ప్రాణం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో సుమారు ఐదోవంతు సీఓనే, దానికి వాసన ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుంది గానీ మోతాదు 100 పీపీఎం ఆ ప్రాంతానికి పోయేసరికి ముక్కు మొద్దుబారిపోద్ది, వాసన పోయింది కదా అని లోపలికి దిగినవాడు మళ్ళీ పైకి రాడు. ఇలాంటి చోట్లకి ల్యాబ్ వద్దు, మీటరే కావాలి, అదీ మనిషి మనిషికీ. రోజూ వాడే ముందు తెలిసిన గ్యాస్ తగిలించి అలారం మోగుతోందో లేదో చూడాలి, సెన్సర్లు సాధారణంగా రెండు మూడేళ్ళలో అరిగిపోతాయి.

విశాఖలో ఇంకో చిక్కు తేమ. సముద్రపు గాలి తగిలే ఊరు, ఏడాదిలో చాలా రోజులు తేమ 70 శాతం పైనే. పీఐడీలోనూ లైట్‌తో కొలిచే డస్ట్ మీటర్లోనూ ఈ తేమ లెక్క తప్పిస్తుంది, డస్ట్ మీటర్ నీటి తుంపరల్ని కూడా దుమ్ము కింద లెక్కేస్తుంది. శాంపిల్ ట్యూబ్‌లో ఉండే బొగ్గు కూడా తేమ పీల్చుకుని ద్రావకాన్ని తక్కువ పట్టుకుంటుంది. అందుకని మీటర్ నంబర్లని నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి, ఈ మూలకీ ఆ మూలకీ పోల్చుకోవడానికి వాడండి, లిమిట్ పక్కన పెట్టి రికార్డ్‌లో రాయడానికి కాదు. ఇంకోటి, ఎండాకాలం రెండు షట్టర్లూ ఎత్తి పెట్టి సముద్రపు గాలి దూసుకుపోతున్న రోజు టెస్ట్ చేయిస్తే మంచి రిపోర్టే వస్తుంది. వానాకాలం షట్టర్లు దించి పనిచేసే రోజు చేయించండి, నిజం ఆ రోజే బయటపడుతుంది.

పంపు పెట్టించాలనుకుంటే ల్యాబ్ వాళ్ళని అడగాల్సినవి ఉన్నాయి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితనం చూసి ఇచ్చే జాతీయ) గుర్తింపు ఉందా అని అడిగి వదిలేయకండి, ఆ గుర్తింపు మీకు కావాల్సిన ఈ టెస్ట్‌కి ఉందా అని అడగండి. షిఫ్ట్‌కి ముందూ తర్వాతా పంపు ఫ్లో చెక్ చేస్తారా, వాడని ఖాళీ ఫిల్టర్ ఒకటి కూడా పోలికకి పంపుతారా, సిలికా అయితే సైక్లోన్ తలకాయ పెడతారా. సైక్లోన్ అంటే పెద్ద రేణువుల్ని వడకట్టేసి లోపలి దాకా పోయే సన్నవాటిని మాత్రమే ఫిల్టర్ మీదకి పంపేది, దానికి రాసిన ఫ్లో తప్పితే లెక్క మొత్తం తప్పుద్ది. ఇంకా ఒకటి, పొల్యూషన్ బోర్డ్ కోసం ప్రహరీ దగ్గర పీఎం 10 కొలిపించిన కాగితం చాలామంది చూపిస్తారు. అది ఊరి గాలి రిపోర్ట్, దాంట్లో మీ వర్కర్ ముక్కు గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

ఎన్ని శాంపిల్స్ అంటే, ఒక్కటి మాత్రం చాలదు. అదే మనిషి, అదే పని, రోజుకీ రోజుకీ నంబర్ బాగా మారిపోద్ది. యూరప్‌లో వాడే ఈఎన్ 689 పద్ధతిలో ఒకే రకం పని చేసే గుంపు నుంచి మూడు శాంపిల్స్ తీస్తే మూడూ లిమిట్‌లో పదోవంతు కంటే తక్కువ ఉంటేనే ఇక ఫర్వాలేదంటారు. ఐదు తీస్తే అన్నీ ఐదోవంతు కంటే తక్కువుండాలి. లిమిట్ 100, మాకు 90 వచ్చింది, పాస్ అనుకోవడం ఎందుకు కుదరదో దీన్ని బట్టి చూస్కోండి.

రిపోర్ట్ వచ్చాక లెక్క

1948 ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) రెండో షెడ్యూల్‌లో చాలావాటికి లిమిట్లు ఇచ్చారు, 8 గంటల సగటు ఒకటి, 15 నిమిషాలది ఒకటి. టొలుయీన్ 100, 150 పీపీఎం. స్టైరీన్ 50, 100. అమ్మోనియా 25, 35. వెల్డింగ్ పొగ ఘనపు మీటరుకి 5 మిల్లీగ్రాములు. సిలికాకి సూత్రం ఉంది, దుమ్ములో క్వార్ట్జ్ (స్ఫటిక రూపంలోని సిలికా) శాతానికి 2 కలిపి దాంతో 10ని భాగించాలి. 28 శాతం క్వార్ట్జ్ ఉన్న గ్రానైట్ దుమ్మైతే 10ని 30తో భాగిస్తే 0.33 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉండకూడదు. ఇవి పాత లిమిట్లు, సైన్స్ ముందుకెళ్ళింది. అమెరికాలో పని చోట్ల ఆరోగ్య లిమిట్లు సూచించే ఏసీజీఐహెచ్ సంస్థ స్టైరీన్‌కి 10 పీపీఎం అంటోంది. వెల్డింగ్ పొగని కేన్సర్ కలిగించేదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2017లోనే మొదటి గ్రూపులో పెట్టింది. కుదిరినంత వరకు కింది నంబర్‌నే గురిగా పెట్టుకోండనే నా సలహా.

సగటు ఒక్కటే చూస్తే ఏమవుద్దో చూడండి. ఒక పెయింటర్ 2 గంటలు స్ప్రే చేస్తూ 150 పీపీఎం, గంట సేపు గన్ కడుగుతూ 200, మిగతా 5 గంటలు 10. కలిపి 8తో భాగిస్తే 69 దాటదు, 100 లోపే, కాగితం మీద పాస్. కానీ గన్ కడిగే గంటలో 15 నిమిషాల లిమిట్ దాటేశాడు. అంటే తల తిరగడం, కడుపులో తిప్పడం అని అతను చెప్పేది నిజమే, కడిగే పని మూతున్న డబ్బాలోకి మార్చాలి. రెండు ద్రావకాలు కలిసి ఉంటే కూడా విడివిడిగా చూడొద్దు. టొలుయీన్ 60, జైలీన్ 50 ఉంటే విడిగా రెండూ 100 లోపే, ఒకే రకంగా నరాల మీద పనిచేసేవి కాబట్టి లిమిట్‌లో వంతులుగా 0.6, 0.5 కలిపితే 1.1, దాటేసినట్టే.

మన దగ్గర 12 గంటల షిఫ్టులు మామూలైపోయాయి. 8 గంటలకి రాసిన లిమిట్ 12 గంటలకి అలాగే వాడకూడదు. ఎక్కువసేపు పీల్చడమే కాదు, ఒంట్లోంచి బయటికి పోవడానికి దొరికే టైమ్ కూడా తగ్గుతుంది. ఎక్కువ గంటల షిఫ్టులకి లిమిట్ తగ్గించే బ్రీఫ్, స్కాలా లెక్కతో చూస్తే రోజుకి 12 గంటలకి లిమిట్ సరిగ్గా సగం అవుద్ది. అంటే స్టైరీన్ 50 కాదు, 25.

ఆపే పద్ధతులు

వాడే పదార్థాన్ని మార్చగలిగితే మార్చేయడమే అన్నిటికంటే చౌక. ఇసుకతో బ్లాస్టింగ్ చేసే వాళ్ళు స్టీల్ గ్రిట్‌కో గార్నెట్‌కో మారితే సిలికా ముప్పు చాలావరకు పోద్ది, బ్రిటన్‌లో పోత పోసిన లోహపు సామాన్లకి ఇసుక బ్లాస్టింగ్ 1949లోనే ఆపేశారు. గ్రిట్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, కానీ దానికి గది కావాలి, బయట ఆరుబయట ఓడ పక్కన చేసే పనికి కుదరదు. రాయి కోసే చోట నీళ్ళు పెట్టండి, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఒక్కటే జాగ్రత్త, ఆ బురద ఎండాక చీపురు పెడితే అదే దుమ్ము మళ్ళీ లేస్తుంది, తడిగా ఉండగానే ఎత్తేయాలి.

ఎగ్జాస్ట్ దగ్గరకొస్తే అందరికీ ముందు గోడ ఫ్యానే గుర్తొస్తుంది. గోడ ఫ్యాన్‌తో షెడ్ మొత్తం గాలి పలచబడుతుంది నిజమే, కానీ పొగ ముందు వెల్డర్ ముక్కు దాటాకే ఫ్యాన్ దాకా పోద్ది. పుట్టిన చోటే లాగేసుకునే హుడ్ కావాలి. ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 14లో కూడా పుట్టిన చోటికి వీలైనంత దగ్గరగా అనే రాశారు. దగ్గరగా అంటే ఎంత దగ్గర? గొట్టం మూతి వ్యాసం ఎంతో అంత దూరం జరిగితే చాలు, లాగే వేగం మూతి దగ్గరున్న దాంట్లో పదోవంతుకి పడిపోద్ది. 15 సెంటీమీటర్ల గొట్టం అడుగు దూరంలో పెడితే అలంకారమే. ఊదే ఫ్యాన్ అయితే వేడి నిప్పు మీద విసినకర్రలా దూరానికి కూడా పనిచేస్తుంది, లాగే ఫ్యాన్ అలా కాదు, ఈ తేడా ఫ్యాబ్రికేటర్‌కి తెలియకపోతే లక్షలు పెట్టిన డక్ట్ కూడా దండగే. వెల్డింగ్ పొగకి పొగ పుట్టే చోట సెకనుకి అర మీటరు నుంచి ఒక మీటరు వేగం ఉండాలి, గ్రైండింగ్‌కి ఇంకా ఎక్కువ కావాలి. డబ్బు ఇచ్చేముందు ఆ వేగం అనిమోమీటర్‌తో కొలిచి చూపించమనండి, బిల్లులో కూడా రాయించండి.

ఎక్కడ వెల్డింగ్ చేస్తారో రోజూ మారే పనికి స్థిరమైన హుడ్ కుదరదు, కదిలే చెయ్యి ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ బెటర్, కానీ దాన్ని ప్రతి అతుక్కీ జరపాలి, హడావుడిలో ఎవరూ జరపరు. మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే రకం) అయితే చేతిలో పట్టుకునే వెల్డింగ్ గన్‌లోనే పొగ లాగే రకం ఉంది, జరపాల్సిన పని లేదు, కాస్త బరువు. నన్నడిగితే ఓడ లోపలి గదుల్లో పనికి బరువైనా అదే మేలు.

మాస్కు సంగతి

మాస్క్ వద్దనట్లేదు, ఎగ్జాస్ట్ వచ్చేదాకా అదే దిక్కు. కానీ ఏది దేనికో చూసి కొనాలి. తువ్వాలు, సర్జికల్ మాస్క్ లెక్కలోకే రావు. దుమ్ముకీ వెల్డింగ్ పొగకీ ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎన్95 (సన్న రేణువుల్ని ఆపే ఫిల్టర్ మాస్కులు), సిలికాకి కుదిరితే ఎఫ్‌ఎఫ్‌పీ3. థిన్నర్ ఆవిరికి ఇవేవీ ఆగవు, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బీ) ఉండాలి, స్ప్రే అయితే దాని ముందు దుమ్ము ఫిల్టర్ కూడా. క్యాట్రిడ్జ్ మన తేమకి ఇంకా త్వరగా అయిపోద్ది, వాసన వచ్చేదాకా ఆగకుండా మార్చే తేదీ దాని మీదే రాసి పెట్టండి. సీఓకి మామూలు క్యాట్రిడ్జ్ ఏదీ పనిచేయదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువున్న చోట ఏ ఫిల్టర్ మాస్కూ పనికిరాదు, బయటి నుంచి గాలి ఇచ్చేదే కావాలి.

ఇక ఏది ఎక్కువ కాపాడుతుంది అనే దానికి లెక్క ఉంది. అమెరికా లెక్క ప్రకారం సగం ముఖం మాస్క్ పీల్చేదాన్ని పదోవంతుకి తగ్గిస్తుంది, పూర్తి ముఖం మాస్క్ యాభయ్యో వంతుకి. కానీ మే నెల ఎండలో రేకుల షెడ్ కింద పూర్తి ముఖం మాస్క్ 8 గంటలు ఉంచుకోవడం మనిషి వల్ల కాదు. షిఫ్ట్‌లో 48 నిమిషాలు తీసేశాడనుకోండి, అంటే పదోవంతు టైమ్, ఆ యాభై రెట్ల రక్షణ కాస్తా ఎనిమిదిన్నర రెట్లకి పడిపోద్ది. షిఫ్ట్ అంతా తీయకుండా పెట్టుకున్న సగం ముఖం మాస్కే దానికంటే మెరుగన్నమాట. కాబట్టి ఖరీదైనది కాదు, మీవాళ్ళు తీయకుండా ఉంచుకోగలిగేది కొనండి. స్తోమత ఉంటే చల్లగా గాలి ఊదే బ్యాటరీ రకం మన వాతావరణానికి చాలా బాగుంటుంది, వదులు హుడ్ ఉన్నదైతే గడ్డం ఉన్నవాళ్ళకి కూడా సరిపోద్ది, బిగుతు మాస్కులు గడ్డం మీద అతుక్కోవు.

మీరెవరో దాన్ని బట్టి

*పది పదిహేను మందితో చిన్న షెడ్.* ల్యాబ్ పక్కన పెట్టండి. ఏం వాడుతున్నారో, అది ఏం చేస్తుందో తెలిసినప్పుడు కొలవడం కంటే ఆపడమే ముందు. టార్చ్ టెస్ట్, నీళ్ళు, మూతలు, ఒక మంచి హుడ్, సరైన మాస్క్. ఇవయ్యాక మిగిలిన డబ్బుతో ఒకసారి పంపు పెట్టించండి, అప్పుడొచ్చే నంబర్ మీరు చేసింది చాలిందో లేదో చెబుతుంది.

*పెద్ద యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసర్.* మీకు రెండూ కావాలి. పీఐడీతో తిరిగి ఏ పనిలో ఎగుస్తోందో పట్టుకోండి, ఆ పనులకే పంపు పెట్టించండి. అన్ని డిపార్ట్‌మెంట్లకీ ఒక్కో శాంపిల్ పంచే కంటే రియాక్టర్ చార్జింగ్, సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ లాంటి రెండు మూడు పనులకి ఐదేసి తీయించడం ఎంతో ఉపయోగం. కాంట్రాక్ట్ వాళ్ళని జాబితాలో ముందు రాయండి.

*ట్యాంకులు, ఓడ గదుల్లో పని పట్టే కాంట్రాక్టర్.* మనిషికో నాలుగు గ్యాసుల మీటర్, దిగేముందు పై, మధ్య, అడుగు మూడు మట్టాల్లో టెస్ట్, లోపల ఉన్నంతసేపూ మీటర్ ఒంటిమీదే, బయట ఒక కాపలా మనిషి, బెల్టుకి తాడు. లోపల పెయింటింగ్ ఉంటే పీఐడీ కూడా. ఇందులో బేరం లేదు.

*పనిచేసే మీరు.* వాడే డబ్బా మీద లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. టెస్ట్ చేయడానికి వచ్చినప్పుడు పంపు నాకూ పెట్టండి అని అడగండి, రిపోర్ట్‌లో మీ పని పేరు ఎదురుగా ఏ నంబర్ ఉందో చూపించమనండి. దగ్గు, ఆయాసం నెలల తరబడి తగ్గకపోతే ఈఎస్‌ఐకి వెళ్ళినా కేజీహెచ్‌కి వెళ్ళినా సిగరెట్ సంగతితో ఆగకుండా ఏ షెడ్‌లో, ఏ పని, ఎన్నేళ్ళు చేశారో డాక్టర్‌కి చెప్పి ఆ ఫోటోలు చూపించండి. సిలికోసిస్ (సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఎక్స్‌రేలో టీబీలా కనిపించే అవకాశం ఉంది, పైగా సిలికా ఉన్నవాళ్ళకి టీబీ కూడా త్వరగా వస్తుంది, అందుకే పని సంగతి తెలిస్తేనే డాక్టర్ రెండిటికీ చూస్తారు.